సర్వర్ గదికి ఎన్ని టన్నుల ఏసీ? వాట్లతో లెక్క కట్టే పద్ధతి

‘మాది 130 చదరపు అడుగుల గది, టన్నున్నర ఏసీ చాలుతుంది కదా?’ కాలేజీల్లో, నర్సింగ్ హోముల్లో, సహకార బ్యాంకుల్లో కంప్యూటర్ల బాధ్యత చూసేవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. మార్చి దాటితే మరీ ఎక్కువగా అడుగుతారు. గది కొలత ఒక్కటే చెబితే దీనికి జవాబు దొరకదు. పడకగదికైతే చదరపు అడుగుల లెక్క నడుస్తుంది. అక్కడ వేడి చాలావరకు బయటి నుంచే వస్తుంది, రాత్రి కొన్ని గంటలు చల్లబడితే సరిపోతుంది. సర్వర్ గదిలో వేడి లోపలే పుడుతుంది. రాత్రీ పగలూ, ఆదివారం, పండగ అన్న తేడా దానికి లేదు.

కాబట్టి లెక్క వాట్లతో మొదలై టన్నులతో ముగియాలి. ముగిసే చోట ఒక చిక్కు ఉంది. ఏసీ మీద రాసి ఉన్న టన్నులన్నీ మే నెల మధ్యాహ్నం మీ గదికి అందవు. చాలామంది మొదటి సగం బాగానే చేసి, ఇక్కడ దెబ్బతింటారు.

ఒకటి నుంచి మూడు ర్యాకులు (సర్వర్లను అరల్లో బిగించే ఇనుప చట్రాలు) ఉండి, మొత్తం వేడి పది కిలోవాట్ల లోపు ఉన్న గదులకే ఈ పద్ధతి పనికొస్తుంది. ఏఐ పనులకు వాడే జీపీయూ సర్వర్లు వస్తున్నాయంటే దీన్ని పక్కన పెట్టండి. ఎన్విడియా డీజీఎక్స్ హెచ్100 పెట్టె ఒక్కటే గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు తీసుకుంటుంది. ఆ ఒక్క పెట్టెకే దాదాపు 2.9 టన్నుల చల్లదనం కావాలి. అలాంటి గదిని ఏసీ డిజైన్ తెలిసిన ఇంజినీరు చేతిలో పెట్టడమే మంచిది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- కొలత టేపు, కాగితం, కాలిక్యులేటర్
- సాకెట్‌కు తగిలించి వాట్లు చూసే ప్లగ్ మీటర్, లేదా తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్
- సర్వరు స్థితిని బ్రౌజరులో చూపించే మేనేజ్‌మెంట్ పేజీ పాస్‌వర్డ్ (డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో)
- యూపీఎస్ రేటింగ్ ప్లేటు ఫొటో, దాని తెర మీద కనిపించే లోడు శాతం
- రెండు మూడు చవక డిజిటల్ థర్మామీటర్లు
- పైన, కింద, పక్కన ఏ గదులున్నాయో, వాటిలో ఏసీ ఉందో లేదో రాసుకున్న చిన్న స్కెచ్

గుర్తు పెట్టుకోవాల్సిన మారకాలు మూడు. 1 వాటు అంటే గంటకు 3.412 బీటీయూ (వేడిని కొలిచే ఒక ప్రమాణం). గంటకు 12,000 బీటీయూ అంటే 1 టన్ను. 1 టన్ను అంటే 3,517 వాట్లు. సిద్ధాంతం ఒక్క వాక్యమే: సర్వరు లోపలికి తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది.

ఉదాహరణగా ఒక గదిని అనుకుందాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. గుంటూరు లాంటి ఊళ్లో ఒక కాలేజీ పై అంతస్తు. నెత్తిన ఎండ తగిలే శ్లాబు. పొడుగు గోడల్లో ఒకటి పడమర ఎండకు ఉంది, ఎదుటి గోడ అవతల ఏసీ ఉన్న ల్యాబు. చిన్న గోడలు రెండింటి అవతల ఏసీ లేని వరండా, మెట్లు. కింద ఏసీ ఉన్న ఆఫీసు. ఇక ముందు చెప్పే లెక్కంతా ఈ గదితోనే నడుస్తుంది. మీ అంకెలు మీరు వేసుకోండి.

1. గదిలో ఉన్నవన్నీ జాబితా రాయండి

సర్వర్లు, స్టోరేజీ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే: సీసీ కెమెరాల రికార్డర్, ఇంటర్నెట్ సంస్థ పెట్టిన మోడెం, ఆఫీసు ఫోన్ల ఎక్స్ఛేంజీ పెట్టె (ఈపీఏబీఎక్స్), మూల టేబుల్ మీద ఎవరో ఎప్పుడో పెట్టిన డెస్క్‌టాప్, ఎప్పుడూ వెలిగే మానిటర్. ర్యాకు వెనక్కి వెళ్లి, ప్రతి కరెంటు తీగ ఎక్కడికి పోతోందో చేత్తో పట్టుకుని చూడండి. తీగ ఉందంటే వేడి ఉన్నట్టే.

2. ప్రతి పరికరం నిజంగా తీసుకుంటున్న వాట్లు కొలవండి

లెక్క నిలబడినా కూలినా ఇక్కడే. సర్వరు వెనక పవర్ సప్లై మీద 750 వాట్లు అని ఉంటుంది. అది ఆ పవర్ సప్లై ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే, సర్వరు తీసుకునేది కాదు. పైగా చాలా సర్వర్లకు పవర్ సప్లైలు రెండుంటాయి. ఒకటి పోయినా రెండోది మోస్తుందని పెట్టిన ఏర్పాటు అది. మామూలు రోజుల్లో రెండూ లోడును పంచుకుంటాయి. రెండింటి అంకెలూ కూడి 1,500 అని రాసేవాళ్లను చాలామందిని చూస్తాం. అదే సర్వరు నిజంగా తీసుకునేది 280, పని ఎక్కువైనప్పుడు 340 అయి ఉండొచ్చు.

కొలవడానికి మూడు దారులున్నాయి. మంచిదాన్ని ముందు చెబుతాను.

మేనేజ్‌మెంట్ పేజీలో పవర్ అన్న విభాగం తెరిస్తే ఇప్పటి వాట్లు, ఇప్పటివరకు తాకిన గరిష్ఠం కనిపిస్తాయి. గరిష్ఠాన్నే రాసుకోండి. సర్వరును ఆపాల్సిన పని లేదు, తీగ పీకాల్సిన పని లేదు.

ఆ సౌకర్యం లేని స్విచ్చులు, మోడెంల వంటి వాటికి ప్లగ్ మీటర్ వాడండి. తీగ పీకి మళ్లీ పెట్టాలి కాబట్టి సెలవు రోజు చూసుకోండి. రెండు పవర్ సప్లైలు ఉన్న పరికరానికి రెండు తీగల మీదా కొలిచి కూడాలి. ఒక్కదాని మీదే కొలిస్తే సగమే వస్తుంది.

మూడోది క్లాంప్ మీటర్. మొత్తం కేబుల్ చుట్టూ బిగిస్తే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూనే బిగించాలి. దానికోసం పంపిణీ పెట్టె మూత తీయాల్సి వస్తే ఆ పని ఎలక్ట్రీషియన్‌దే, మీది కాదు. వచ్చిన ఆంపియర్లను 230తో గుణించండి. ఇప్పటి సర్వర్ పవర్ సప్లైలకు ఈ లెక్క వాట్లకు దగ్గరగానే ఉంటుంది. పాత, చవక పరికరాల్లో అసలు వాట్లు ఇంతకంటే తక్కువే ఉంటాయి కాబట్టి నష్టం లేదు.

ఇంకా కొనని సర్వరుకు ఎలా? తయారీదారు వెబ్‌సైట్‌లో పవర్ కాలిక్యులేటర్ ఉంటుంది, అందులో ప్రాసెసర్లు, మెమరీ, డిస్కులు ఎంచుకుంటే అంచనా ఇస్తుంది. అదీ కుదరకపోతే ఒక పవర్ సప్లై రేటింగులో 60 శాతం వేసుకోండి. మామూలు ఆఫీసు పనికి ఇది తరచూ ఎక్కువే అవుతుంది కానీ తక్కువ కాదు.

మన గదిలో అంకెలు ఇలా తేలాయనుకుందాం:

- సర్వర్లు మూడు, ఒక్కోటి 340: 1,020 వాట్లు
- స్టోరేజీ: 420
- మామూలు స్విచ్చులు రెండు: 120
- కెమెరాలకు కరెంటిచ్చే స్విచ్చు: 160 (ఇది ఎలా వచ్చిందో తర్వాతి మెట్టులో)
- ఫైర్‌వాల్, రౌటర్, మోడెం: 100
- కెమెరా రికార్డర్: 90
- మానిటర్: 30

మొత్తం 1,940 వాట్లు.

3. గది దాటి పోయే కరెంటును తీసేయండి

కెమెరాలకు, వైఫై పెట్టెలకు నెట్‌వర్క్ తీగలోనే కరెంటు పంపే స్విచ్చులుంటాయి, పీఓఈ స్విచ్చులంటారు. అలాంటి స్విచ్చు 300 వాట్లు తీసుకుంటుంటే, అందులో 20 కెమెరాలకు తలా 7 చొప్పున 140 వాట్లు గది బయటికి పోతాయి. ఆ వేడి వరండాలో, గేటు దగ్గర పుడుతుంది. గదికి మిగిలేది 160. స్విచ్చు మేనేజ్‌మెంట్ పేజీలో ఏ పోర్టుకు ఎంత పోతోందో ఉంటుంది. ఒకటి రెండు కెమెరాలే ఉంటే ఈ మెట్టు వదిలేయండి.

4. యూపీఎస్ లోపల పోయే కరెంటు కలపండి

యూపీఎస్ సామర్థ్యం 6 కేవీఏ అయితే 6 కిలోవాట్ల వేడి అని రాసేవాళ్లున్నారు, అసలు కలపనివాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. యూపీఎస్ తన గుండా పోయే కరెంటులో కొంత తానే తినేసి వేడిగా వదులుతుంది, మనకు కావాల్సింది అదొక్కటే. కొలవడానికి వీలు లేకపోతే ఈ లెక్క వాడండి: కిలోవాట్ల రేటింగులో 4 శాతం, నడుస్తున్న లోడులో 5 శాతం, రెండూ కలపాలి.

మన యూపీఎస్ 6 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ (కేవీఏను కిలోవాట్లుగా మార్చే గుణకం, ప్లేటు మీద ఉంటుంది) 0.9, అంటే 5,400 వాట్లు. లోడు 2,080. కెమెరాలకు పోయే 140 వాట్లూ యూపీఎస్ మోయాల్సిందే కాబట్టి 1,940కి దాన్ని ఇక్కడ తిరిగి కలపాలి. 5,400లో 4 శాతం 216, 2,080లో 5 శాతం 104. కలిపితే 320 వాట్లు.

లోడు తక్కువున్నా ఆ మొదటి 216 పోదు. ‘ముందుచూపు’ పేరుతో 20 కేవీఏ యూపీఎస్ తెచ్చి రెండు కిలోవాట్లకు వాడితే, రోజంతా ఒక చిన్న హీటర్ వెలిగించి ఉంచినట్టే.

యూపీఎస్ వేరే గదిలో ఉంటే ఈ 320 ఆ గది లెక్కలోకి పోతుంది. అలాగని దాన్ని ఏసీ లేని స్టోర్ రూములో పెట్టకండి. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 25 డిగ్రీలు అనుకూలం, అంతకు మించి ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుంది.

5. దీపాలు, మనుషులు

ఎల్ఈడీ ట్యూబులు రెండు 40 వాట్లు, లోపల ఒక మనిషి 100 వాట్లు. ఇక్కడ తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. లోపలే కూర్చుని పనిచేసేవాళ్లుంటే తలకు 100 వేసుకోండి. వాళ్లకు వేరే గది చూడడం ఇంకా మంచిది.

ఇప్పటికి 1,940 + 320 + 140 = 2,400 వాట్లు.

6. గోడలు, శ్లాబు, కిటికీ

చల్లటి దేశాల్లో రాసిన పద్ధతుల్లో ఈ మెట్టు రెండు వాక్యాల్లో అయిపోతుంది. మన దగ్గర అలా కుదరదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో పగటి ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు శ్లాబు పైభాగం గాలికంటే ఇంకా ఎంతో వేడిగా ఉంటుంది. ఆ వేడి కాంక్రీటులో దిగి సాయంత్రం దాకా కింద గదిలోకి జారుతూనే ఉంటుంది. ఎండాకాలపు గరిష్ఠానికి నేను వాడే మోటు లెక్కలు ఇవి, చదరపు మీటరుకు వాట్లలో:

- ఎండ తగిలే శ్లాబు, ఏ పూతా లేనిది: 90
- ఎండ తగిలే తొమ్మిదంగుళాల ఇటుక గోడ: 35
- అవతల ఏసీ లేని లోపలి గోడ: 25
- అవతల ఏసీ ఉన్న గోడ, కప్పు, నేల: 0
- పడమర ఎండ నేరుగా పడే గాజు: 600

చివరి అంకె అచ్చు తప్పు కాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న పడమటి కిటికీ ఒక్కటే రెండు సర్వర్లంత వేడి తెస్తుంది. కర్టెన్ వేస్తే తీరదు, గాజు దాటిన ఎండ గదిలోకి వచ్చేసినట్టే. సర్వర్ గదికి కిటికీ అవసరం లేదు. ఇటుకతో మూసేయండి. అద్దె భవనం అయితే బయటివైపు తెల్ల షీటు, లోపల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార) నింపిన బోర్డు బిగించండి. మన ఉదాహరణలో కిటికీ మూసేశాం అనుకుందాం.

శ్లాబు 12 చ.మీ. × 90 = 1,080. పడమటి గోడ 12 × 35 = 420. వరండా, మెట్ల వైపు గోడలు 18 × 25 = 450. తలుపు సందుల్లోంచి వచ్చే గాలికి 100. మొత్తం 2,050 వాట్లు.

ఒకసారి ఆగి చూడండి. గదిలోని కంప్యూటర్లన్నీ కలిపి 1,940, భవనం ఒక్కటే 2,050. అందులో సగం పైకప్పుదే. ఏసీ కంటే ముందు డబ్బు పెట్టాల్సిన చోటు అదే. శ్లాబు పైన పఫ్ షీటు (వేడిని ఆపే నురుగు పలక) వేసి వాటర్‌ప్రూఫింగ్ చేయించినా, లోపల రాక్‌వూల్‌తో సీలింగ్ చేయించినా ఆ 1,080 సుమారు మూడో వంతుకు దిగుతుంది. తెల్లటి కూల్ రూఫ్ పూత ఇంతకంటే చవక, ప్రభావమూ కొంచెం తక్కువ, ఏటా కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు సులభంగానే దొరుకుతారు. థర్మోకోల్ మాత్రం వద్దు. తీగల గదిలో నిప్పంటుకుంటే మండేది మొదట అదే.

పక్క గదిలో ఏసీ ఉందని సున్నా వేశాం కదా, ఆదివారం ఆ ఏసీ ఆపేస్తారు. ల్యాబు వారానికి ఆరు రోజులే నడిచేదైతే ఆ గోడకూ 25 వేసుకోండి. మన ఉదాహరణలో ల్యాబు, కింది ఆఫీసు రోజూ నడుస్తాయనుకున్నాం.

7. కూడండి, రాబోయేది కలపండి

2,400 + 2,050 = 4,450 వాట్లు. దీని మీద గుడ్డిగా 50 శాతం కలిపేవాళ్లున్నారు. అలా చేయకండి, గోడలు పెరగవు కదా. వచ్చే రెండేళ్లలో ఏమేం కొంటారో అడిగి అవే కలపండి. ఒక సర్వరు 340, ఒక డిస్కుల పెట్టె 210 అనుకుంటే 550. మొత్తం 5,000 వాట్లు. గంటకు 17,060 బీటీయూ, అంటే 1.42 టన్నులు.

ఇక్కడ ఆగిపోతే ‘టన్నున్నర చాలు’ అనే తేలుతుంది. ఆగకండి.

8. ఏసీ నిజంగా ఇచ్చేది లెక్క కట్టండి

ఏసీ మీద రాసిన టన్నుల్లో మూడు చోట్ల కోత పడుతుంది.

మొదటిది లేబులులోనే ఉంది. బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ మీద చల్లబరిచే సామర్థ్యం వాట్లలో రాస్తారు. రెండు టన్నులంటే లెక్క ప్రకారం 7,034 ఉండాలి, చాలా మోడళ్ల మీద అంతకంటే తక్కువ కనిపిస్తుంది. అమ్మేవాళ్లు చెప్పే టన్నులు వదిలేసి ఆ అంకె చూడండి. మన ఉదాహరణకు 6,200 అనుకుందాం.

రెండోది తేమ. ఇంటి ఏసీ తన శక్తిలో కొంత భాగాన్ని గాలిలోని తేమను నీరుగా మార్చడానికి ఖర్చు పెడుతుంది. సర్వర్లు తేమను వదలవు, పొడి వేడినే వదులుతాయి. కాబట్టి డ్రెయిన్ పైపులో కారే ప్రతి చుక్కా సర్వర్లకు అందని చల్లదనమే. తలుపు గట్టిగా మూసుండే గదికి 0.8తో గుణించండి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో తలుపు తరచూ తెరిచే గదికి 0.7 వేసుకోండి. సర్వర్ గదుల కోసమే చేసే ప్రిసిషన్ ఏసీల్లో ఈ నష్టం చాలా తక్కువ, 0.9 పైనే ఉంటుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

మూడోది ఎండ. లేబుల్ మీది సామర్థ్యాన్ని కొలిచింది బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్నప్పుడు. బయట 44 ఉంటే సుమారు పదో వంతు తగ్గుతుంది. 0.9 వేసుకోండి. అవుట్‌డోర్ యూనిట్‌ను గ్రిల్లు బిగించిన ఇరుకు బాల్కనీలో పెడితే తన వేడిగాలిని తానే పీలుస్తుంది, అప్పుడు ఎంత తగ్గుతుందో ఏ అంకెకూ అందదు.

6,200 × 0.8 × 0.9 = 4,464 వాట్లు. మనకు కావాల్సింది 5,000. అంటే రెండు టన్నుల ఏసీ ఒక్కటి కూడా మే నెలలో చాలదు! టన్నున్నరది, లేబుల్ మీద 5,000 ఉన్నదైతే, ఇచ్చేది 3,600 మాత్రమే.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, టన్నున్నరవి మూడు కొని రెండు నడుపుతూ ఒకటి విశ్రాంతిలో ఉంచడం. రెండోది, శ్లాబుకు ఇన్సులేషన్ చేయించి 1,080ని 360కి దించడం. అప్పుడు కావాల్సింది 4,280 అవుతుంది, 4,464 ఇచ్చే రెండు టన్నుల ఏసీ సరిపోతుంది. అలాంటివి రెండు కొంటే ఒకటి నడుస్తుంది, ఒకటి తోడుగా ఉంటుంది. నన్నడిగితే రెండోదే. కరెంటు బిల్లు ఏడాదంతా వస్తుంది, శ్లాబు ఖర్చు ఒక్కసారే. అయితే మిగులు 184 వాట్లే కాబట్టి, జాబితాలో లేని సర్వరు ఏది వచ్చినా ఈ లెక్క మళ్లీ వేయాలి.

9. తోడు ఏసీ, కరెంటు కోత

సర్వర్ గదిలో ఒక్క ఏసీ అంటే అసలు ఏసీ లేనట్టే లెక్క వేసుకోండి, ఏదో ఒక రోజు అది ఆగుతుంది. రెండూ వంతులవారీగా నడిచేలా టైమర్ పెట్టించండి. ఎప్పుడూ నడపని తోడు ఏసీ అవసరమైన రోజున మొరాయిస్తుంది.

కొనేముందు దుకాణంలో అడగాల్సింది: కరెంటు పోయి వచ్చాక దానంతట అదే మొదలవుతుందా? ఆ సౌకర్యం లేకపోతే, శనివారం రాత్రి కరెంటు పోయి వచ్చినా సోమవారం ఎవరో వచ్చి రిమోటు నొక్కేదాకా ఏసీ కదలదు. యూపీఎస్ మీద సర్వర్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. ఏసీలను యూపీఎస్ మీద పెట్టొద్దు, జనరేటర్ లైను మీద తప్పకుండా ఉండాలి.

గదికి ఎంత సమయం ఉంటుందో కూడా లెక్క కట్టొచ్చు. 36 ఘనపు మీటర్ల గాలిని 2,400 వాట్లు వేడి చేస్తే నిమిషానికి సుమారు 3.3 డిగ్రీలు పెరుగుతుంది. గోడలు, ఇనుము కొంత పీల్చుకుంటాయి కాబట్టి నిజంగా ఇంతకంటే నెమ్మదిగానే జరుగుతుంది. అయినా మీ చేతిలో ఉండేవి నిమిషాలే, గంటలు కావు.

తరచూ కనిపించే పొరపాట్లు

ఏసీ తీసుకునే కరెంటును కూడా గది వేడిలో కలపడం. ఆ వేడి అవుట్‌డోర్ యూనిట్ దగ్గర బయటికి పోతుంది. లోపలి ఫ్యాను వాట్లు మాత్రమే గదిలో ఉంటాయి, వాటిని వదిలేయొచ్చు.

వేడిగా ఉందని రిమోటులో 16 పెట్టడం. దానివల్ల అదనపు చల్లదనం పుట్టదు. లోపలి గాలి చల్లబడేకొద్దీ ఏసీ సామర్థ్యం తగ్గుతుంది, తేమ మీద ఖర్చు పెరుగుతుంది. 24 దగ్గర ఉంచండి.

ఏసీ నడుస్తుండగా ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పడం. అది ఎంత గాలిని బయటికి తోస్తే అంత వేడిగాలి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ కూడా ఇదే చేస్తుంది. ఏసీ పాడైన రోజున ఎయిర్ కూలర్ తేవడం అంతకంటే ప్రమాదం, చెమ్మగాలి నేరుగా సర్వర్లలోకి పోతుంది. ఆ రోజు తలుపు తీసి, పక్కనున్న ఏసీ గది గాలిని పెద్ద పెడెస్టల్ ఫ్యానుతో లోపలికి తోయండి. అవసరం లేని సర్వర్లు ఆపేయండి.

ఏసీని ర్యాకు నెత్తిన బిగించడం. డ్రెయిన్ పైపు మూసుకుపోతే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ర్యాకు ముందువైపు చల్లగాలి తగిలేలా, వెనక వేడిగాలికి తిరిగి ఏసీ చేరే దారి ఉండేలా చూడండి. ర్యాకులో ఖాళీ అరలను బ్లాంకింగ్ ప్లేట్లతో మూసేయండి. లేకపోతే వెనకటి వేడి ఆ సందుల్లోంచి ముందుకు వచ్చి, టన్నులెన్ని ఉన్నా పై సర్వరు ఉడుకుతూనే ఉంటుంది.

లెక్క సరిపోయిందో లేదో ఎలా చూడాలి

కొనేముందు రెండు తనిఖీలు చేయండి. యూపీఎస్ తెర మీద లోడు శాతం చూడండి. మన ఉదాహరణలో 5,400కి 2,080 అంటే 38 లేదా 39 రావాలి. అది గరిష్ఠాల మొత్తం కాబట్టి మామూలుగా కొంచెం తక్కువే కనిపిస్తుంది. 50 చూపిస్తుంటే ఏదో పరికరం జాబితాలోకి రాలేదు. రెండోది, యూపీఎస్‌కు వెళ్లే లైనులో యూనిట్ల మీటరు ఉంటే ఇవాళ, రేపు ఒకే సమయానికి చదివి తేడాను 24తో భాగించండి. లోడు 2,080, యూపీఎస్ తినేది 320, కలిపి 2,400 వాట్లంటే రోజుకు 57.6 యూనిట్లు. అంతకు మించి వస్తే మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లండి.

ఏసీలు బిగించాక, సర్వర్లు లోపలికి తేకముందు చేసే పరీక్ష అన్నిటికంటే నమ్మకమైనది. 2,000 వాట్ల రూమ్ హీటర్ ఒకటి, 1,000 వాట్లది ఒకటి తెచ్చి ర్యాకు ఉండబోయే చోట పెట్టండి. మన లెక్కలో లోపలి వేడి, రాబోయే పరికరాలతో కలిపి 2,950 వాట్లు కాబట్టి ఈ జత సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా ఒక్క ఏసీతోనే నడపండి. గది 27 డిగ్రీలు దాటకుండా నిలబడితే లెక్క గెలిచినట్టే. జాగ్రత్త: హీటర్లకు వేర్వేరు 16 ఆంపియర్ల సాకెట్లు ఉండాలి, యూపీఎస్ లైను తాకకూడదు, పరీక్ష అయ్యేదాకా మనిషి అక్కడే ఉండాలి. ఈ పరీక్ష శీతాకాలంలో చేయాల్సి వస్తే, వేసవిలో భవనం తెచ్చే వేడికి బదులుగా ఇంకో 1,000 నుంచి 1,500 వాట్లు అదనంగా వెలిగించండి.

సర్వర్లు నడుస్తున్నప్పుడు చూడాల్సింది గోడ మీది థర్మామీటర్ కాదు, రిమోటు మీది అంకె అసలే కాదు. ర్యాకు ముందువైపు, సర్వరు గాలి పీల్చే చోట, కింద, మధ్యలో, పైన మూడు థర్మామీటర్లు వేలాడదీయండి. అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే సూచించే పరిధి 18 నుంచి 27 డిగ్రీలు. కింద 22, పైన 30 ఉంటే టన్నులు తక్కువ కాలేదు, గాలి దారి తప్పింది. మూడు చోట్లా 30 ఉంటే టన్నులే తక్కువ.

ఇన్వర్టర్ కాని ఏసీ (కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ నడిచేది) అయితే ఇంకో సులువు ఉంది. మే నెలలో సాయంత్రం నాలుగింటికి కంప్రెసర్ గంటలో ఎన్ని నిమిషాలు తిరుగుతోందో గడియారం పెట్టి చూడండి. 45 తిరిగితే నాలుగో వంతు చేతిలో ఉంది. ఆగకుండా 60 నిమిషాలూ తిరుగుతుంటే ఇంకో సర్వరు కొనే మాట ఎత్తకండి, ముందు ఫిల్టర్లు కడిగించి, అవుట్‌డోర్ యూనిట్ మీద దుమ్ము దులిపించి మళ్లీ చూడండి. తోడు ఏసీ నడపకుండానే ఇవన్నీ నెగ్గాలి. రెండూ కలిపి నడిపితేనే 27 వస్తోందంటే మీకు తోడు ఏసీ లేదు, ఒక పెద్ద ఏసీని రెండు పెట్టెల్లో కొన్నారంతే.